గర్భిణులలో మెగ్నీషియం లోపం

గర్భిణులలో మెగ్నీషియం లోపం అనగా గర్భవతి అయిన స్త్రీ దేహంలో మెగ్నీషియం అనే ఖనిజం ఆమెకు, ఆమె కడుపులోని శిశువుకు చాలినంతగా లేకపోవడం. రక్తహీనత, అయోడిన్ లోపం వలె ఇది పైకి కనిపించదు. పాలిపోయిన కళ్ళు గాని, గొంతు మీద వాపు గాని ఉండవు. కాబట్టి ఈ లోపాన్ని గురించి ప్రజలలోనే కాక వైద్య సిబ్బందిలో కూడా చర్చ తక్కువ. అయితే తల్లి ఆహారంలో మెగ్నీషియం తగ్గినపుడు పుట్టే పిల్లల దేహ నిర్మాణంలోను, చక్కెరను వినియోగించుకునే శక్తిలోను కలిగే మార్పులు పెద్దయ్యాక కూడా పోవని జంతువులపై జరిగిన ప్రయోగాలు తెలిపాయి. వీటిలో ముఖ్యమైనవి హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో జరిగాయి. మనుషుల విషయంలో ఆధారాలు ఇంత గట్టిగా లేవు. ఈ రెండింటి మధ్య తేడాను గమనిస్తూ ఈ వ్యాసాన్ని చదవాలి.

ఈ వ్యాసంలో ఉదాహరణలు ఎక్కువగా గుంటూరు, ప్రకాశం ప్రాంతపు పత్తి, మిరప మైదానం నుండి తీసుకోబడ్డాయి. 2022 నాటి జిల్లాల పునర్విభజన తరువాత ఈ మైదానం గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాలలో విస్తరించి ఉన్నది. మెగ్నీషియం అనే పేరు ఇక్కడి రైతులకు కొత్త కాదు. పత్తి ఆకు ఎర్రబారినపుడు లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు కలిపి, విత్తిన 45, 75 రోజులకు పిచికారి చేయాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. చేనులోని మొక్కకు ఇది ఎంత అవసరమో తెలిసిన ఊళ్ళలో కూడా, ఇంట్లోని గర్భిణికి ఎంత అవసరమో చెప్పేవారు అరుదు.

దేహంలో మెగ్నీషియం పని

పెద్దవారి దేహంలో సుమారు 25 గ్రాముల మెగ్నీషియం ఉంటుంది. అందులో సగానికి పైగా ఎముకలలోను, మిగిలినదానిలో అధిక భాగం కండరాలు, ఇతర మెత్తని కణజాలాలలోను ఉంటుంది. రక్తంలో తిరిగేది నూటికి ఒక వంతు కూడా కాదు. అందుచేత రక్తపరీక్షలో మెగ్నీషియం సరిగ్గా ఉన్నట్లు కనిపించినా దేహంలోని నిల్వలు తరిగిపోయి ఉండవచ్చు. ఈ లోపం దొరకకుండా తప్పించుకోవడానికి ఇదే ముఖ్య కారణం.

కణాలలో శక్తిని మోసే ఏ.టి.పి. అనే పదార్థం మెగ్నీషియంతో జతకూడినపుడే పనిచేస్తుంది. డి.ఎన్.ఏ. నకలు తయారుకావడం, మాంసకృత్తుల నిర్మాణం, కణ విభజన మొదలైన పనులు చేసే మూడు వందలకు పైగా ఎంజైములకు ఇది కావాలి. ఒక కణం నుండి కోట్లాది కణాలు ఏర్పడే పిండదశలో దీని అవసరం ఎంతటిదో దీనిని బట్టి ఊహించవచ్చు. ఇన్సులిన్ వచ్చి కణం పైపొర మీద ఉన్న గ్రాహకాన్ని తాకిన తరువాత ఆ సందేశాన్ని లోపలికి చేరవేసే ఎంజైముకు కూడా మెగ్నీషియం అవసరం. అది తగ్గితే ఇన్సులిన్ ఉన్నా కణం దాని మాట వినదు. దీనినే ఇన్సులిన్ నిరోధకత అంటారు. మధుమేహానికి ఇది తొలి మెట్టు.

నాడీకణాలలో మెగ్నీషియానిది మరొక రకమైన పని. ఎన్.ఎం.డి.ఏ. గ్రాహకాలు అనే ద్వారాల గుండా కాల్షియం లోపలికి వెళుతుంది. మామూలు సమయంలో ఆ ద్వారాలకు మెగ్నీషియం గడియ వేసినట్లుగా అడ్డుపడి ఉంటుంది. గడియ వదులైతే నాడీకణాలు అతిగా ఉద్రేకపడతాయి. మెగ్నీషియం బాగా తగ్గినపుడు కండరాలు పట్టేయడం, వణుకు, మూర్ఛ రావడం ఇందువల్లనే.

గర్భకాలంలో అవసరం

నెలలు నిండి పుట్టిన శిశువు దేహంలో సుమారు ముప్పావు గ్రాము మెగ్నీషియం ఉంటుంది. ఇందులో ఎక్కువ భాగం చివరి మూడు నెలలలోనే చేరుతుంది. మావి దీనిని తల్లి రక్తం నుండి శక్తిని వెచ్చించి శిశువు వైపు తోడుతుంది. కనుక శిశువు రక్తంలో మెగ్నీషియం సాధారణంగా తల్లి రక్తంలో కంటె కొంచెం ఎక్కువగానే ఉంటుంది. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం స్త్రీకి రోజుకు 370 మిల్లీగ్రాములు, గర్భిణికి 440 మిల్లీగ్రాముల మెగ్నీషియం కావాలి.

తల్లి తినకపోయినా బిడ్డ ఆమె ఎముకల నుండి తనకు కావలసినది లాక్కుంటుందని పెద్దలు అనడం వింటూ ఉంటాము. కాల్షియం విషయంలో ఇందులో కొంత నిజం ఉన్నది. మెగ్నీషియం విషయంలో మాత్రం ఇది అంతగా వర్తించదు. ఎముకలలో ఉన్న మెగ్నీషియం అవసరమైనంత వేగంగా బయటకు రాదు. మెగ్నీషియం లేని ఆహారం పెట్టిన తల్లి ఎలుకలలో పిండాలు కూడా తీవ్రమైన లోపానికి గురై, రక్తహీనతతో, తక్కువ బరువుతో పెరిగినట్లు 1971లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో తేలింది. లోపం తీవ్రంగా ఉంటే పిల్లలలో అవయవ లోపాలు కూడా వస్తాయని 1976లో లూసిల్ హర్లీ బృందం చూపింది. పత్తి మొక్క ఈ విషయంలో వేరుగా నడుచుకుంటుంది. అది ముదురు ఆకులలోని మెగ్నీషియాన్ని తీసి లేత ఆకులకు పంపుతుంది. అడుగు ఆకులు ముందుగా ఎర్రబారేది అందుకే. మనిషికి గాని ఎలుకకు గాని అంతటి వెసులుబాటు లేదు.

మధుమేహం ఉన్న గర్భిణులు మూత్రం ద్వారా మెగ్నీషియాన్ని ఎక్కువగా కోల్పోతారు. వారికి పుట్టిన శిశువులలో రక్తపు మెగ్నీషియం తగ్గి వణుకు, మూర్ఛ కనిపించే అవకాశం ఇతర శిశువులలో కంటె ఎక్కువ. విడువని వాంతులు, విరేచనాలు, కొన్ని రకాల మూత్రవర్ధక మందులు కూడా లోపానికి దారితీస్తాయి.

హైదరాబాదు పరిశోధనలు

జాతీయ పోషకాహార సంస్థ 1918లో నీలగిరులలోని కూనూరులో బెరిబెరి వ్యాధి విచారణ కేంద్రంగా రాబర్ట్ మెకారిసన్ ఆధ్వర్యంలో మొదలైంది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ప్రస్తుత పేరు పొందింది. తొలి దశాబ్దాలలో ఇక్కడి పరిశోధనలు కంటికి కనిపించే లోప వ్యాధులపై సాగాయి. ఆ తరువాతి కాలంలో, పైకి కనిపించని సూక్ష్మపోషకాల కొరత వలన ఏమవుతుందన్న ప్రశ్న ముందుకు వచ్చింది.

ఈ ప్రశ్నకు ఒక నేపథ్యం కలదు. గర్భంలో పోషణ చాలని శిశువు దేహం ఆ కొరతకు తగినట్లుగా మలచబడుతుందని, పెద్దయ్యాక మధుమేహం, గుండెజబ్బు రావడానికి అది కారణమవుతుందని బ్రిటన్ వైద్యుడు డేవిడ్ బార్కర్ ప్రతిపాదించాడు. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 2003లో పుణె పరిసర గ్రామాల శిశువులను ఇంగ్లాండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చింది. పుణె శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, సౌతాంప్టన్ శిశువులది 3.5 కిలోలు. బరువులో ఇంత తేడా ఉన్నా పుణె శిశువుల వీపు మీది చర్మం కింద కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. చూడడానికి బక్కపలచగా ఉన్నా లోపల కొవ్వుబట్టిన ఈ శిశువులు మన దేశంలో మధుమేహం విస్తృతికి ఒక వివరణ ఇస్తారని ఆ బృందం భావించింది. అయితే తల్లి ఆహారంలో ఏది తగ్గితే ఇలా జరుగుతుంది?

హైదరాబాదులో మంచాల రఘునాథ్ నాయకత్వంలోని బృందం ఈ ప్రశ్నను ఎలుకలలో విడమరచి చూసింది. తల్లి ఎలుకల ఆహారంలో ఖనిజాలన్నింటినీ తగ్గించినపుడు పిల్లలలో ఇన్సులిన్ నిరోధకత వచ్చే ధోరణి ఉన్నదో లేదో మొదట పరిశీలించి 2004లో ఫలితాలను ప్రకటించారు. ఆ తరువాత ఒక్కొక్క ఖనిజాన్ని వేరు చేసి చూడడం మొదలుపెట్టారు. ఎల్. వేణు, వై.డి. కిషోర్, రఘునాథ్‌లు 2005లో ప్రచురించిన పత్రం మెగ్నీషియానికి సంబంధించినది.

ప్రయోగం ఇలా సాగింది. పాలు విడిచిన ఆడ ఎలుకలలో కొన్నింటికి మామూలు ఆహారం, కొన్నింటికి మెగ్నీషియాన్ని 70 శాతం తగ్గించిన ఆహారం తొమ్మిది వారాల పాటు పెట్టారు. మిగిలిన పోషకాలు రెండింటిలోను సమానం. తరువాత వాటిని మామూలు ఆహారం తిన్న మగ ఎలుకలతో జతకట్టించారు. లోపం గల తల్లులలో కొన్నింటికి ప్రసవం కాగానే మామూలు ఆహారం ఇచ్చారు. మరికొన్ని తల్లుల పిల్లలకు పాలు మాన్పించిన తరువాత మామూలు ఆహారం ఇచ్చారు. మిగిలిన పిల్లలను లోపం గల ఆహారం మీదనే కొనసాగించారు. ఈ ఏర్పాటులోనే ప్రయోగం విలువ ఉన్నది. కడుపులో ఉండగా జరిగిన నష్టం వేరు, పుట్టిన తరువాత జరిగినది వేరు, ఏ దశలో సరిదిద్దితే ఎంత తిరిగి వస్తుంది అనే మూడు విషయాలను విడివిడిగా చూడడానికి ఇది వీలు కల్పించింది.

మెగ్నీషియం తగ్గిన తల్లుల పిల్లలలో దేహంలోని కొవ్వు శాతం పెరిగింది. మూడు నెలల వయస్సుకే ఇన్సులిన్ నిరోధకత కనిపించింది. పుట్టిన తరువాత కూడా లోపం కొనసాగిన పిల్లలలో ఆరు నెలల వయస్సుకు గ్లూకోజును తట్టుకునే శక్తి దెబ్బతిని, ఇన్సులిన్ స్రావం కూడా తగ్గింది. పుట్టిన తరువాత మంచి ఆహారం ఇచ్చిన పిల్లలు ఈ రెండవ దెబ్బ నుండి తప్పించుకున్నాయి గాని, పెరిగిన కొవ్వు మాత్రం మామూలు స్థితికి రాలేదు. 2008లో ఇదే బృందం మెగ్నీషియం తగ్గిన తల్లుల పిల్లలను ఎక్కువ కాలం అనుసరించి, కొవ్వుపై, ఇన్సులిన్ నిరోధకతపై పడే దీర్ఘకాలిక ప్రభావాలను వివరిస్తూ మరొక పత్రాన్ని ప్రచురించింది. క్రోమియం, విటమిన్ బి12, ఫోలేటు మొదలైన వాటిపై కూడా ఈ ప్రయోగశాలలో ఇటువంటి అధ్యయనాలు జరిగాయి.

తల్లి ఆహారం ఆగిపోయిన తరువాత కూడా పిల్లల దేహం దానిని ఎలా గుర్తుంచుకుంటుంది? దీనికి జపాన్ పరిశోధకులు 2011లో ఒక సూచన ఇచ్చారు. మెగ్నీషియం తగ్గిన తల్లి ఎలుకల పిల్లల కాలేయంలో, కార్టిసాల్ వంటి ఒత్తిడి హార్మోనులను నిర్వీర్యం చేసే ఒక ఎంజైముకు చెందిన జన్యువుపై మిథైల్ గుర్తులు మారినట్లు వారు గమనించారు. జన్యువులోని అక్షరాలు మారవు. ఏ జన్యువు ఎంత పనిచేయాలో నిర్ణయించే గుర్తులు మాత్రం మారతాయి. ఇన్సులిన్ నిరోధకతకు దారితీసే పూర్తి మార్గం ఇదేనని చెప్పలేము గాని, కడుపులో పడిన ముద్ర ఎక్కడ నిలుస్తుందో ఇది చూపుతుంది.

మెదడుపై ప్రభావం

మెగ్నీషియాన్ని కణాలలోనికి చేర్చే టి.ఆర్.పి.ఎం.6 అనే మార్గం లేకుండా పుట్టించిన ఎలుకలలో చాలా పిండాలు గర్భంలోనే చనిపోయాయని, కొన్నింటిలో మెదడు, వెన్నుపాము సరిగా మూసుకోలేదని 2009లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది. ఇది సంపూర్ణ లోపం. మన ఊళ్ళలో ఎదురయ్యే పరిస్థితి ఇది కాదు. సాధారణ స్థాయి లోపానికి దగ్గరగా ఉన్నది ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ పరిశోధకులు 2017లో వెలువరించిన అధ్యయనం. అందులో మెగ్నీషియం తగ్గిన తల్లి చుంచెలుకలకు పుట్టిన పిల్లల మెదడులో, జ్ఞాపకానికి సంబంధించిన హిప్పోకాంపస్ భాగంలో, పైన చెప్పిన ఎన్.ఎం.డి.ఏ. గ్రాహకాల కూర్పు మారింది. పెద్దయ్యాక అవి బెదురు స్వభావం చూపాయి. చుంచెలుక బెదురును మనిషి ఆందోళనతో సమానంగా చూడడం తొందరపాటు.

మనుషులలో ఆధారాలు

ఇక్కడ బలం తగ్గుతుంది. గర్భిణులకు మెగ్నీషియం బిళ్ళలు ఇచ్చి చూసిన పరీక్షలు 1980ల నుండి జరుగుతున్నాయి. జూరిచ్‌లో 1988లో ప్రచురితమైన పరీక్షలో ప్రయోజనం కనిపించింది. అమెరికాలో 1989 నాటి పరీక్షలో కనిపించలేదు. ఇటువంటి 10 పరీక్షలను, 9,090 మంది స్త్రీల వివరాలను కలిపి 2014లో కాక్రేన్ సమీక్ష పరిశీలించింది. గర్భిణులందరికీ మెగ్నీషియం బిళ్ళలు ఇవ్వడం వలన మేలు కలుగుతుందనడానికి నాణ్యమైన ఆధారాలు చాలవని ఆ సమీక్ష తేల్చింది. ఇందులో గమనించవలసినది ఒకటి ఉన్నది. ఈ పరీక్షలు శిశువు పుట్టిన సమయానికి బరువు, నెలలు నిండాయా లేదా, తల్లి రక్తపోటు వంటివాటిని చూశాయి. ఆ పిల్లలు ఇరవై, ముప్ఫై ఏళ్ళ వయస్సుకు వచ్చాక వారి దేహంలో కొవ్వు, చక్కెర ఎలా ఉన్నాయన్నది ఎలుకల ప్రయోగాలు లేవనెత్తిన ప్రశ్న. ఆ ప్రశ్నకు ఈ పరీక్షల వద్ద సమాధానం లేదు.

తెలుగు నేలపైనే జరిగిన ఒక అధ్యయనం ఈ ఖాళీని కొంతవరకు పూరిస్తుంది. 1987 నుండి 1990 వరకు హైదరాబాదు సమీప గ్రామాలలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీల ద్వారా అదనపు ఆహారం అందింది. కొన్ని గ్రామాలలో ఆ పథకం అప్పటికి మొదలు కాలేదు. పదిహేనేళ్ళు గడిచిన తరువాత ఈ 29 గ్రామాల పిల్లలను, అప్పటికి 13 నుండి 18 ఏళ్ళ వయస్సు గల 1,165 మందిని, పరిశోధకులు తిరిగి పరీక్షించారు. 2008లో ఫలితాలు వెలువడ్డాయి. ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉన్నారు. వారిలో ఇన్సులిన్ నిరోధకత సుమారు 20 శాతం తక్కువగా ఉన్నది. రక్తనాళాలు బిరుసెక్కడం కూడా తక్కువే. ఆ ఆహారం ప్రధానంగా శక్తినీ మాంసకృత్తులనూ పెంచడానికి ఉద్దేశించినది. మెగ్నీషియాన్ని ప్రత్యేకంగా చేర్చినది కాదు. కనుక ఈ ఫలితాన్ని మెగ్నీషియం ఖాతాలో వేయరాదు. తల్లి తిన్న తిండి, పసితనంలో తిన్న తిండి యుక్తవయస్సులో ఇన్సులిన్ పనితీరుపై కనిపిస్తుందన్న మాటకు మాత్రం మన గ్రామాలలోనే సాక్ష్యం దొరికినట్లయింది.

లోపం ఎంత విస్తృతంగా ఉన్నదో తెలిపే సమాచారం మన దేశంలో తక్కువ. హర్యానా గ్రామీణ ప్రాంతంలో గర్భిణులపై జరిపి 2004లో ప్రచురించిన సర్వేలో సుమారు 44 శాతం మందిలో రక్తపు మెగ్నీషియం తక్కువగా ఉన్నట్లు తేలింది. గర్భకాలంలో రక్తంలో నీటి భాగం పెరగడం వలన సహజంగానే ఈ అంకె కొంత తగ్గుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

పత్తి, మిరప మైదానంలో ఆహారం, నీరు

ఒకప్పుడు ఈ ప్రాంతపు మెట్ట గ్రామాలలో రోజువారీ తిండి జొన్నన్నం, సజ్జ సంకటి, వరిగ, కొర్ర అన్నం. వరి అన్నం పండుగకో పెళ్ళికో. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత కుడి కాలువ కింద, అనగా గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో, మాగాణి విస్తరించింది. కాలువ అందని నల్లరేగడిలో జొన్న స్థానంలోకి పత్తి, మిరప, పొగాకు, ఆ తరువాత శనగ వచ్చాయి. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం ప్రవేశపెట్టింది. ఆకలి తీర్చడంలో ఈ మార్పుల పాత్రను తక్కువ చేయలేము. కూలి కుటుంబాలకు మూడు పూటలా అన్నం అందించింది ఇవే. కాని మెగ్నీషియం లెక్క వేరుగా ఉన్నది.

జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల మరపట్టిన తెల్ల బియ్యంలో మెగ్నీషియం సుమారు 19 మిల్లీగ్రాములు. పై పొర పోని ముడి బియ్యంలో సుమారు 94, సజ్జలలో 124, జొన్నలలో 133, రాగులలో 146. రోజుకు 400 గ్రాముల తిండిగింజలు తినే గర్భిణికి తెల్ల బియ్యం నుండి 76 మిల్లీగ్రాములు వస్తే, అంతే జొన్నల నుండి 530 మిల్లీగ్రాములు వస్తాయి. జొన్న, సజ్జలలో ఉండే ఫైటేట్ల వలన ఇందులో కొంత దేహానికి పట్టదు. అది తీసివేసినా తేడా చాలా ఎక్కువ. బియ్యం పదేపదే కడగడం, గంజి వార్చి పారబోయడం వలన ఆ కాస్త మెగ్నీషియంలో కూడా కొంత పోతుంది.

ఎండుమిరపలో మెగ్నీషియం బాగానే ఉన్నా, గుంటూరు వంటలో పడే కారం ఎంత ఎక్కువైనా గర్భిణి అవసరాన్ని తీర్చేంత కాదు.

నీటి సంగతి మరింత చిక్కైనది. ఈ మైదానపు మెట్ట ప్రాంతాలలో బోరునీరు తరచుగా కఠినజలం. కఠినత్వానికి కారణాలు కాల్షియం, మెగ్నీషియం లవణాలే. లీటరుకు 30 మిల్లీగ్రాముల మెగ్నీషియం గల నీటిని రోజుకు మూడు లీటర్లు తాగితే 90 మిల్లీగ్రాములు దేహానికి అందుతాయి. అది పైన చెప్పిన తెల్ల బియ్యం ఇచ్చేదానికంటె ఎక్కువ. కాని ప్రకాశం ప్రాంతపు పడమటి భాగంలో, ముఖ్యంగా కనిగిరి, పొదిలి పరిసరాలలో, భూగర్భజలాలలో ఫ్లోరైడు అధికం. పళ్ళు గారపట్టడం, ఎముకలు వంగడం చూసిన ఊళ్ళు శుద్ధజల కేంద్రాల నీటికి మళ్ళాయి. అది సరైన నిర్ణయమే. అయితే ఆర్.ఓ. యంత్రం ఫ్లోరైడుతోపాటు మెగ్నీషియాన్ని కూడా తొలగిస్తుంది. నీటి నుండి పోయినదానిని తిండి నుండి తెచ్చుకోవలసి ఉంటుంది గాని, తిరిగి ఫ్లోరైడు బోరునీటికి పోరాదు.

సూదిమందుగా మెగ్నీషియం

ప్రసూతి ఆసుపత్రులలో మెగ్నీషియం సల్ఫేటు చిరపరిచితమైన మందు. రక్తపోటు పెరిగి మూర్ఛలు వచ్చే స్థితిని వాడుకలో గుర్రపు వాతం అంటారు. దానిని నివారించడానికి, ఆపడానికి ఇదే ప్రథమ ఔషధం. 33 దేశాలలో పది వేలకు పైగా స్త్రీలపై జరిగి 2002లో ప్రచురితమైన మాగ్‌పై పరీక్ష, ఈ మందు మూర్ఛల ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని నిర్ధారించింది. నెలలు నిండకుండా, 32 వారాలలోపు ప్రసవం తప్పనిసరైనపుడు తల్లికి ఈ మందు ఇస్తే శిశువు మెదడుకు రక్షణ కలిగి, మస్తిష్క పక్షవాతం తగ్గుతుందని తేలడంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో దీనిని సిఫారసు చేసింది.

ఈ వాడకానికీ ఆహార లోపానికీ సంబంధం లేదు. ఆసుపత్రిలో కొన్ని గంటలలో ఇచ్చేది అనేక గ్రాములు. ఆహారంలో రావలసినది రోజుకు అర గ్రాము కంటె తక్కువ. నెలలు నిండకముందు వచ్చే నొప్పులను ఆపడానికని ఈ సూదిమందును అయిదు నుండి ఏడు రోజులకు మించి ఎడతెరిపి లేకుండా ఇస్తే శిశువు ఎముకలు దెబ్బతినవచ్చని 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఎరువుల దుకాణంలో పత్తికి అమ్మే మెగ్నీషియం సల్ఫేటు పేరు ఒకటే అయినా అది మనుషులకు తగిన శుద్ధత కలది కాదు. ఎట్టి పరిస్థితిలోను దానిని తాగరాదు.

గుర్తింపు, నివారణ

పిక్కలు పట్టేయడం, నీరసం, కాళ్ళు చేతులు తిమ్మిరెక్కడం మెగ్నీషియం లోపంలో కనిపించవచ్చు. కాని ఇవి గర్భకాలంలో ఇతర కారణాల వలన కూడా తరచుగా వస్తాయి. వీటిని బట్టి లోపాన్ని నిర్ధారించలేము. రక్తపరీక్షకు ఉన్న పరిమితి పైన చెప్పబడింది. గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే బిళ్ళలలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, కాల్షియం ఉంటాయి. మెగ్నీషియం ఉండదు. ఐక్యరాజ్య సమితి సంస్థలు 1999లో రూపొందించిన 15 సూక్ష్మపోషకాల మిశ్రమ బిళ్ళలో కూడా దీనికి చోటు లేదు. ఆ పదిహేనింటిలో అయిదు ఖనిజాలు, పది విటమిన్లు. అవసరమైన మెగ్నీషియం మోతాదుకు బిళ్ళ చాలా పెద్దదవుతుందన్నది ఆచరణలోని ఇబ్బంది. కాబట్టి ఈ ఖనిజం విషయంలో గర్భిణి ఆధారపడవలసినది భోజనం మీదనే.

ఇందుకు ఖరీదైన పదార్థాలేవీ అక్కరలేదు. నువ్వులు, వేరుశనగలు, శనగలు, పెసలు, మినుములు, ఉలవలు, తోటకూర మెగ్నీషియం బాగా గల ఆహారాలు. వేరుశనగ గింజలలో 100 గ్రాములకు సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటుంది. నువ్వులలో అంతకంటె చాలా ఎక్కువ. కోస్తా జిల్లాలలో రజస్వల అయిన ఆడపిల్లలకు నువ్వులు, బెల్లం దంచి పెట్టే చిమ్మిలి ఈ దృష్టితో చూస్తే మేలైన అలవాటు. ప్రకాశం జిల్లాలో విస్తారంగా పండే శనగలను ఉడికించిగాని, మొలకెత్తించిగాని తినవచ్చు. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వలన ఫైటేట్లు తగ్గి ఖనిజాలు బాగా ఒంటికి పడతాయి. పాలకూరలో మెగ్నీషియం ఉన్నా ఆక్సలేట్ల వలన అది తక్కువగా గ్రహించబడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీల ద్వారా గర్భిణులు ఇంటికి తీసుకువెళ్ళే సరుకులలో రాగి పిండి, వేరుశనగ చిక్కీ వంటివి 2023లో చేరాయి.

మిరప కోతలు జరిగే మాఘ, ఫాల్గుణ మాసాలలో పడమటి మెట్ట నుండి, కర్నూలు వైపు నుండి కూలి కుటుంబాలు గుంటూరు, పల్నాడు గ్రామాలకు వలస వస్తాయి. వీరిలో గర్భిణులూ ఉంటారు. సొంత ఊరి అంగన్‌వాడీలో పేరు ఉండి, చేను గట్టున గుడారంలో కాపురం ఉండే ఈ కొన్ని నెలలు ఎక్కువగా తెల్ల అన్నం, పచ్చడితోనే గడుస్తాయి. శిశువు దేహంలో మెగ్నీషియం ఎక్కువగా చేరే చివరి మూడు నెలలు కొందరికి సరిగ్గా ఈ కాలంలోనే వస్తాయి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో అధిక మెగ్నీషియం బయటకు పోక రక్తంలో పేరుకొని ప్రమాదకరం కావచ్చు. అటువంటివారు వైద్యుని సలహా లేకుండా మెగ్నీషియం బిళ్ళలు గాని, మెగ్నీషియం కలిసిన విరేచన మందులు గాని వాడరాదు.